మావయ్యగారి లెక్కలో మూడు లేదు

కొత్త కెమెరా వచ్చిన రోజు నుంచీ మావయ్యగారు మూతి ముడుచుకునే ఉన్నారు. స్టూడియోని కోడలి చేతిలో సంతోషంగానే పెట్టారు. కానీ తన పాత ఫ్లాష్‌ని ఆ కెమెరా నెత్తిన పెట్టడానికి వీల్లేదని ఆమె అన్నప్పుడు మాత్రం ఆయన మనసు చివుక్కుమంది.

"మీటరు పెట్టి చూశాను మావయ్యగారూ. కెమెరాకి ఆనే దాని కాంటాక్టులో రెండొందల వోల్టులకి పైనే ఉంది. తగిలిస్తే కొత్త కెమెరా లోపల కాలిపోతుంది."

"నా కెమెరా ఇన్నేళ్ళూ తట్టుకుందిగా! నీది మరీ సుకుమారం."

ఆ తర్వాత ఆయన ఏ ఆర్డరుకీ ఆమె వెంట వెళ్ళలేదు. కోడలికి అదే బెంగ. పని నేర్పిన మనిషి పక్కన లేకపోతే ఎంత మంచి ఫోటో తీసినా ఆమెకు చప్పగానే ఉండేది. అందుకే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో గ్రూప్ ఫోటో పని రాగానే బతిమాలి, బామాలి ఆయన్ని బయల్దేరదీసింది. ఆయన ఒక బరువైన సంచి భుజాన వేసుకొచ్చారు.

"అందులో ఏముందండీ?"

"మంచినీళ్ళు," అన్నారాయన మొహం పక్కకి తిప్పుకుని.

హాల్లో కుట్టుమిషన్లన్నీ గోడవారకి జరిపారు. పనివాళ్ళంతా ముందు వరస కుర్చీల్లో, వెనక వరస బల్లల మీద సర్దుకున్నారు. తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్ళు మూసేవారు. ఇంతలో కొత్త ఫ్లాష్ వేడెక్కి మొరాయించింది. భోజనాల గంట కొట్టేస్తే మళ్ళీ అందర్నీ కూడగట్టడం తన వల్ల కాదని సూపర్‌వైజరు గడియారం చూస్తూ సణిగాడు. కోడలు ఆ ఫ్లాష్‌ని తట్టి తట్టి చూసింది.

మావయ్యగారు సంచి విప్పారు. ఇటుకంత మంచినీళ్ళు బయటికొచ్చాయి.

"కంగారుపడకు, ఈ ఫ్లాష్‌ని కెమెరాకి తగిలించన్లే. నా చేతిలోనే ఉంటుంది. నువ్వు లైట్లార్పించి షట్టర్ తెరిచి ఉంచు. దీని బటన్ నేను నొక్కుతా, చీకట్లో ఇది వెలిగిన క్షణమే ఫోటో పడుతుంది. రెండిటికీ తాకిడే లేకపోతే ఇంక కాలేదేముంది?"

ఇంత చిన్న ఉపాయం తనకెందుకు తట్టలేదా అని ఆమె నాలిక్కరుచుకుంది. కెమెరాని స్టాండుకి బిగించింది. తలుపులు మూయించి, లైట్లార్పించింది.

"మూడనగానే మావయ్యగారూ!"

"ఒకటి... రెండు..." అంటూనే ఆయన బటన్ నొక్కేశారు. హాలంతా భగ్గుమని వెలిగి ఆరిపోయింది. ఆమె పద్ధతిగా మూడుకి షట్టర్ తెరిచింది. ఫోటో బొగ్గులా వచ్చింది.

"మూడనకుండానే కొట్టేశారేంటండీ!"

"మూడు దాకా ఆగితే మొహాలు బిగుసుకుపోతాయమ్మాయ్. నేనెప్పుడూ రెండుకే కొడతా. నీకు తెలీదూ?"

ఆమెకు నిజంగానే తెలియదు. ఇన్నాళ్ళూ ఆయన షట్టర్ నొక్కితే ఫ్లాష్ దానంతటదే వెలిగేది. ఆయన ఎప్పుడు నొక్కుతారో ఇంకొకరికి చెప్పాల్సిన అవసరమే రాలేదు.

"సరే, నేను ఒకటికే తెరుస్తాను. మీరు మీ రెండుకే కొట్టుకోండి!"

మామాకోడళ్ళ తగువు విని జనమంతా ఘొల్లుమన్నారు. ఆ నవ్వులింకా ఆగకముందే మావయ్యగారు "ఒకటి, రెండు" అనేశారు.

ఈసారి చిట్టచివరి మొహం కూడా పువ్వులా విచ్చుకుని ఉంది. సూపర్‌వైజరు పళ్ళన్నీ కనబడుతున్నాయి. అందరూ కెమెరా చుట్టూ మూగారు. ఆమెకు మాత్రం ఫోటో కంటే మావయ్యగారి మొహమే చూడాలనిపించింది.

ఆయన ఫ్లాష్‌ని తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టి, భుజాన వేసుకున్నారు.

"ఊఁ, తర్వాతెక్కడికమ్మాయ్?"

ఆ రోజుకి ఇంకో ఆర్డరు లేదు. ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"ముందు టీ తాగుదాం పదండి. ఈలోగా ఎవరో ఒకరు పిలవకపోతారా!"