ఆరని ఆకుపచ్చ చొక్కా

తెల్లవారగానే స్టెఫా మంచు హాకీ మైదానం పక్కనున్న క్యాంటీన్ తలుపు తీసేది. కాఫీ పెట్టేది, ఆలూ కుడుములకి పిండి కలిపేది, పంచదార డబ్బాకి ఆనించిన, ఆటగాడి ఫొటో ఉన్న హాకీ కార్డు మీద దుమ్ము ఊదేది. తుడవకూడదు. తుడిస్తే రంగు అంటుకుంటుంది.

కార్డు మీద ఉన్నది ఓరెస్ట్. కెనడాలో, సస్కాచెవాన్ గోధుమ చేల మధ్య ఉన్న ఆ ఊరినుంచి పెద్ద లీగుకి వెళ్లింది అతనొక్కడే. నాలుగేళ్లు ఎర్ర చొక్కాల జట్టులో ఉన్నాడు. ఎక్కువ రోజులు ఆడకుండా బల్ల మీద కూర్చోవడమే అయినా, ఒకసారి అతను కొట్టిన గోలుకి ఊరంతా రేడియో చుట్టూ చేరి ఏడ్చింది. తర్వాత ఓ వేసవిలో అతన్ని ఆకుపచ్చ చొక్కాల జట్టుకి ఇచ్చేశారు. చూయింగ్‌గమ్‌తో వచ్చే కార్డులు అచ్చేసేవాళ్ల దగ్గర కొత్త ఫొటో లేక, పాత ఫొటోలో ఎర్ర చొక్కా మీదే ఆకుపచ్చ రంగు పూశారు. కార్డులు కొట్లలోకి వచ్చేలోపే కొత్త కోచ్ ఒక్క ఆటైనా ఆడించకుండా అతన్ని ఇంటికి పంపేశాడు. అవసరమైతే ఫోన్ చేస్తామన్నాడు.

ఊళ్లో మిగిలిన ఆ ఒక్క కార్డు మీద రంగు అప్పట్నుంచీ ఆరలేదు. పట్టుకున్నవాళ్లు వేలు ప్యాంటుకి రుద్దుకుని కాఫీ తాగేవాళ్లు.

ఓరెస్ట్ ఇప్పుడు మైదానం మీద మంచుని నున్నగా చేసే బండి నడుపుతున్నాడు. ఏటా సెప్టెంబరులో, జట్లు కట్టే రోజుల్లో, వచ్చి కార్డు మీద వేలు పెట్టి చూసేవాడు.

"తడిగానే ఉంది చూడు. పిలుస్తారు," అనేవాడు.

ఆ వేలు స్టెఫా ఏప్రాన్ అంచుకి తుడిచేవాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆ మరకలు పోలేదు, వాటి తడీ ఆరలేదు. అంచు పొడుగునా చిన్న చిన్న ఆకుల్లా ఉండేవి. ఆ తీగ నడుం చుట్టూ తిరిగేసరికి తనకి ఓరెస్ట్‌తో పెళ్లవుతుందని ఆమె మనసులో ఎలాగో పడిపోయింది.

ధాన్యం లారీ తోలే ముసలి వాసిల్ ఊరుకునేవాడు కాదు. "ఏమ్మా స్టెఫా, పెళ్లికొడుకు ఆరాడా? నా మనవడు హాకీ ఆడి పళ్లు కూడా ఊడగొట్టుకున్నాడు. వీడింకా ఆకుపచ్చ జట్టులో మొదటి ఆట కోసమే చూస్తున్నాడు."

ఆమె నోరు తెరిచి పెళ్లి మాట అడిగింది ఒక్కసారే, తనకి ముప్పై నిండిన ఏడు. "ఈ సీజన్ పోనీ, స్టెఫా," అన్నాడు ఓరెస్ట్. ఆ ఏడే పక్క ఊరి బడి మాస్టారు వచ్చి అడిగితే ఆమె కాదంది. ఆ మాస్టారు వేరే అమ్మాయిని చేసుకున్నాడు. ఇప్పుడు పిల్లల్ని ఆటకి తీసుకొస్తుంటాడు. వాళ్లకి కుడుములు వడ్డించేది స్టెఫాయే.

ఓ జనవరి పొద్దున రేడియో చెప్పింది, ఆకుపచ్చ జట్టుని మూసేశారట. స్టెఫా చేతులు తుడుచుకుని కార్డు మీద వేలు పెట్టింది. రంగేమీ అంటుకోలేదు.

ఓరెస్ట్ బండి ఆపి లోపలికొచ్చాడు. తనూ వేలు పెట్టాడు. శుభ్రంగా ఉన్న ఆ వేలిని చాలాసేపు చూసుకుని, అలవాటు కొద్దీ ఆమె ఏప్రాన్‌కే తుడిచాడు.

"అయితే పెళ్లి చేసేసుకుందాం, స్టెఫా. ఇక నాకెలాగూ వేరే పని లేదు."

ఆ మాటని ఆమె ఇన్నేళ్లూ ఎన్నో రకాలుగా ఊహించుకుంది. దీపాల కింద, మెరిసే మంచు మీద, అతని ఊపిరి పొగలా తన చెంపకి తగులుతుండగా. ఇలా మాత్రం ఎప్పుడూ ఊహించుకోలేదు. తల దించి ఏప్రాన్ అంచు చూసుకుంది. ఆకులన్నీ ఎండి, పెచ్చులుగా లేచి, ఒక్కొక్కటే నేల మీద రాలుతున్నాయి.

ఆమె మూలనున్న చీపురు తీసుకుంది.

"కాస్త పక్కకి జరుగు, ఓరెస్ట్," అంది. "ఊడవాలి."