పదకొండు వేల గదుల కేసు

అయిదింటి రైలుకు కరపత్రాలు రేపల్లె వెళ్లాలి. రెండున్నరయింది. తెర మీద ఇంకా ఒక్క కొరియా అక్షరమూ లేదు.

1997 నవంబరు. మర్నాడు రేపల్లెలో కొత్త చర్చి ప్రతిష్ఠ. కొరియా అతిథులకు వాళ్ల లిపిలోనే స్వాగతం అచ్చేస్తానని తెనాలి ప్రెస్సు యజమాని నరసింహారావు మాటిచ్చేశాడు. బాపట్ల లెక్చరర్ ఒకాయన ఫ్లాపీలో ఫాంటు పంపాడు గానీ, ఏ అక్షరానికి ఏ నంబరో చెప్పే పుస్తకం పంపలేదు.

"మొత్తం 11172 అక్షరాలండి. మొదటిది 44032. అంతవరకే తెలుసు. ఒక్కోటీ కొట్టి చూస్తే వచ్చే క్రిస్మస్సు కూడా అయిపోద్ది," ఆపరేటర్ వరప్రసాదం చేతులెత్తేశాడు.

మూలన దానమ్మ వింటోంది. ముప్పయ్యేళ్లు కేసులోంచి, అంటే గదుల చెక్కపెట్టెలోంచి, సీసపు అక్షరాలు ఏరి పేర్చిన కంపోజిటర్. నెలాఖరుకు సీసం అమ్మేస్తున్నారు. ఆమె ఉద్యోగమూ ఆనాటితో సరి. కంప్యూటర్ నేర్పమంటే, "ఈ వయసులోనా?" అని యజమాని నవ్వేశాడు.

ఫ్లాపీతో పాటు లెక్చరర్ రాసి పంపిన కాగితం అందుకుంది. పైన స్వాగతం, అతిథుల పేర్లు. కింద అక్షరాల ముక్కలు వరసగా: ముందొచ్చేవి పంతొమ్మిది, అచ్చులు ఇరవై ఒకటి, అడుగున చేరేవి ఇరవై ఏడు.

"పదకొండు వేలేంటి నాయనా? మన వత్తుల్లాగా అతికించిన ముక్కలేగా! పంతొమ్మిది బీరువాలనుకో. బీరువాకి ఇరవై ఒక్క కేసులు, కేసుకి ఇరవై ఏడు గదులు. వరస తప్పకుండా లెక్కపెడితే ఏ గదికైనా పోవచ్చు."

వరప్రసాదం కాల్క్యులేటర్ నొక్కాడు. "10773. మూడొందల తొంభైతొమ్మిది తగ్గినాయి. నీ బీరువాలు కూలిపోయినయ్ అత్తా!"

"నీ పని చూసుకో దానమ్మా," అన్నాడు నరసింహారావు.

ఆమె తన కేసు ముందుకెళ్లి నిలబడింది. వేళ్లు అలవాటు కొద్దీ స్పేసుల గదిలోకి పోయాయి. మాటకీ మాటకీ మధ్య పెట్టే, అక్షరం లేని సీసపు ముక్కలు. చేయి అక్కడే ఆగిపోయింది.

"ఒరే ప్రసాదం! అడుగున ఏమీ లేని అక్షరాలూ ఉన్నాయి కదరా! ఏమీ లేకపోయినా దానికో గదుండాలి, అదీ అన్నిటికన్నా ముందు. ఇరవై ఎనిమిది కొట్టు!"

కొట్టాడు. 11172. కచ్చితంగా.

ఆమె కాగితం మీది వరసలు వేలితో లెక్కపెట్టింది. "స్వాగతంలో మొదటక్షరం... పంతొమ్మిదో బీరువా, పదో కేసు, అయిదో గది."

అతను దానికి ముందున్న గదులు లెక్క కట్టి, ఆ 10840ని 44032కి కలిపి 54872 కొట్టాడు. తెర మీద అక్షరం వచ్చి కూర్చుంది. అచ్చం కాగితంలోదే.

నరసింహారావు కాగితాన్ని తెర పక్కన పెట్టి చూసుకున్నాడు. ఆమె వైపు తిరిగాడు. "సోమవారం నుంచి కంప్యూటర్ దగ్గర కూర్చో దానమ్మా."

"సోమవారం దాకా ఎందుకండి? ఇంకా ముప్పై మూడక్షరాలున్నాయి. లేవరా ప్రసాదం!"

వరప్రసాదం నవ్వుతూ కుర్చీ వదిలాడు. "మెల్లగా నొక్కు అత్తా. అది సీసం కాదు."