చిక్కిపోయిన టిన్ను

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ముగిసే వేళకి నురగక్క షెడ్డు ముందు జనం చేరిపోతారు. ఒకప్పుడు రైలు పెట్టెలు బాగుచేసిన షెడ్డు అది. లోపలికి అడుగుపెడితే మెడ వెనక్కి విరిచి చూడాల్సినంత ఎత్తు. కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనుప దూలాలు. ఓ పక్కన బార్లీ మరిగించే రాగి కాగు, దాని వెనక బీరు పులిసే ట్యాంకులు. వాటి మూతల దాకా వెళ్లడానికి ఇనుప మెట్లు, ఆ మెట్ల చివర ఒక మనిషి నిలబడేంత బాల్కనీ. మిగతా చోటంతా బల్లలూ కుర్చీలూ. గుమ్మం పక్కన గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు: "ఆరుబయట తాగరాదు."

నురగక్క బీరు తాగినవాళ్లు పైకి లేస్తారు కాబట్టి ఆ బోర్డు. తాగినదాన్ని బట్టి ఎత్తు. ఒక టిన్ను పూర్తిగా పుచ్చుకుంటే చాలు, మనిషి కుర్చీ వదిలి మెల్లగా లేచి, దూలాల దాకా పోయి, అక్కడ కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటాడు. కాసేపు ఊసులాడుకుని, నురగ అణిగినట్టు అణిగి, మళ్లీ ఎవరి కుర్చీలోకి వాళ్లు దిగుతారు. ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు ఆ కాసేపట్లోనే బూజులు దులుపుకుంటారు, బల్బులు మార్చుకుంటారు. పెయింటరు తాతయితే నిచ్చెన అమ్మేసి చాలా కాలమైంది.

నురగక్క మాత్రం ఎప్పుడూ లేవలేదు. రుచి చూడాల్సి వస్తే చెంచాడు నోట్లో పోసుకుని ఉమ్మేస్తుంది. అందరూ పైనుంటే కింద ఒకళ్లు ఉండాలి కదా అంటుంది. తండ్రి పోయినప్పుడు ఈ షెడ్డూ, బడికెళ్లే తమ్ముడూ ఒకేసారి ఆమె చేతికొచ్చారు. రెండింటినీ నిలబెట్టింది. పెళ్లిమాటలు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ట్యాంకు పొంగే వేళకే వచ్చాయి. ఆమె చేతులు తుడుచుకుని వచ్చేసరికి వెళ్లిపోయాయి.

ఆ తమ్ముడే ఇప్పుడు అమ్మకాలూ సరుకూ చూసుకుంటున్నాడు. ఓ రోజు సరుకు దింపించుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, బార్లీ మళ్లీ పెరిగింది. గ్యాసు పెరిగింది. ఖాళీ టిన్ను రేటు చూస్తే, లోపల బీరు పొయ్యకుండా టిన్నే అమ్ముకోవచ్చు అనిపిస్తోంది."

"మొన్నేగా మనం రేటు పెంచాం. అప్పుడే సగం మంది మొహాలు మాడ్చుకున్నారు."

"అందుకే రేటు ముట్టుకోవద్దు." తమ్ముడు సంచిలోంచి ఒక టిన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది చూడు. ఎత్తు అదే, రంగు అదే, బొమ్మ అదే. నడుం మాత్రం కాస్త సన్నం. చేత్తో పట్టుకుంటే ముద్దుగా ఉంటుంది కూడా. ఎవడికి తెలుస్తుంది?"

నురగక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మనసొప్పలేదు. కానీ షెడ్డు మూసుకోవడానికీ మనసొప్పలేదు. "సరే, ఏడువు," అంది.

కొత్త టిన్ను వచ్చిన మొదటి ఆదివారం ఎప్పటిలాగే అందరూ లేచారు. లేచి, సగం దారిలో ఆగిపోయారు. దూలాలు నెత్తి మీద అంత దూరాన ఉన్నాయి. పట్టుకోడానికేం లేక, షెడ్డు మధ్యలో ఆరేసిన బట్టల్లా ఊగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తమ్ముడు చేతిలో ఉన్న టిన్ను వీపు వెనక దాచుకున్నాడు. కానీ జనం టిన్నుని చూడలేదు, తమ పొట్టల్ని చూసుకున్నారు.

"ఈ మధ్య స్వీట్లు ఎక్కువయ్యాయి నాకు," అన్నాడు దర్జీ, సిగ్గుపడుతూ.

"నాది బూట్ల బరువు," అన్నాడు పెయింటరు తాత.

టీచరమ్మ అసలే పుల్లలా ఉంటుంది. తన మణికట్టు తనే పట్టుకుని చూసుకుంది.

"చూశావా? పని జరిగిపోయింది," అని తమ్ముడు చెవిలో ఊదాడు. నురగక్కకి ఆ మాట వినబుద్ధి కాలేదు. ట్యాంకు చూసొస్తానని గబగబా ఇనుప మెట్లెక్కింది. ఎక్కి తలెత్తేసరికి, రైలింగుకి అవతల, గాల్లో, సరిగ్గా ఆమె కళ్లకి ఎదురుగా సిటీ బస్సు డ్రైవరు.

ఆయన ఎన్నో ఏళ్లుగా వస్తున్నవాడే. "నమస్తే అక్కా" అని ఒక టిన్ను తీసుకుని, ట్యాంకుల పక్క బల్ల దగ్గర తాగి, ఎవరితోనూ కలవకుండా నేరుగా పైకి పోయేవాడు. బాల్కనీలో నిలబడే నురగక్కకి ఆయన దాటిపోతున్నప్పుడు కనిపించేవి బూట్లే. ఇవాళ మొహం ఆగింది. నవ్వితే కళ్ల పక్కన గీతలు పడే మొహం.

"ఇక్కడే ఆగిపోయారేంటి?" అంది, తెలిసి తెలిసీ.

"స్టాపేదో వచ్చినట్టుంది అక్కా." ఊగిపోకుండా రైలింగు పట్టుకున్నాడు. "ఏం చూస్తున్నారు అందులో?"

"చూడ్డం కాదు. వినాలి. చెవి పెట్టండి."

ఆయన ట్యాంకుకి చెవి ఆనించాడు. కళ్లు పెద్దవయ్యాయి. "కూరగాయల మార్కెట్టులా ఉందే!"

"ఇప్పుడు గోల చేస్తుంది. తర్వాత సణుగుతుంది. ఆ సణుగుడు కూడా ఆగితే బీరు తయారైనట్టు."

ఆ ముక్క ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు మరి.

పై ఆదివారం ఆయన అక్కడే ఆగాడు. ఆపై వారం కూడా. "నా వీపు ఊరందరికీ తెలుసండీ. మొహమే ఎవరికీ తెలీదు," అన్నాడోసారి.

"నాకు మీ బూట్ల అడుగులు తెలుసు. ఎడమది బాగా అరిగింది."

"క్లచ్చు తొక్కీ తొక్కీ," అని ఆయన పగలబడి నవ్వితే, నవ్వుకి గాల్లో ఓ గిరికీ కొట్టి మళ్లీ ఎదురుగా వచ్చాడు. నురగక్కకి కూడా నవ్వాగలేదు. ఆయన భార్య పోయి ఏళ్లవుతోందనీ, ఇంట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుందనీ ఆ రోజే చెప్పాడు.

సోమవారం టిన్నులు సర్దుతూ తమ్ముడు ఉన్నట్టుండి అడిగాడు. "అక్కా, పెయింటరు తాత నీ కంటే ఎంత పెద్ద? ఆయన కూడా నిన్ను అక్కా అనే అంటాడు. ఆ డ్రైవరు గారేంటి, అక్కా మానేసి ఏవండీ మొదలెట్టాడు?"

"నాకేం తెలుసు? ముందు ఆ పెట్టెలు లోపల పెట్టు."

"పెడతాలే. చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

"కాగు దగ్గర నిలబడితే ఎర్రబడవా?" అంది. కాగు కింద ఆ రోజు మంటే లేదు.

ఆదివారం వస్తోందంటే ఆమెకి నిద్రలోనే తెలిసిపోయేది. పొద్దున్నే ఏప్రను మార్చుకునేది. జుట్టు రెండుసార్లు దువ్వుకునేది. ఇంత ఆనందం మధ్యలో ఒక ముల్లు. బల్లల దగ్గర జనం వారం వారం తగ్గిపోతున్నారు. లెక్కలో కాదు, ఒంట్లో. దర్జీ స్వీట్లు మానేశాడు. పెయింటరు తాత చెప్పులేసుకొచ్చాడు, తర్వాత ఉత్తి కాళ్లతో వచ్చాడు. అయినా దూలాలు అందలేదు.

ఓ ఆదివారం టీచరమ్మ సగం టిన్ను తాగి, బల్ల ఎత్తు లేచి, అక్కడే కళ్లు తిరిగి పడుకుండిపోయింది. బీరు మోసింది కాబట్టి దెబ్బ తగల్లేదు. దర్జీ కింద నుంచి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగి కుర్చీలో కూర్చోబెట్టాడు. నురగక్క పరుగున వచ్చి మొహం మీద నీళ్లు చల్లింది.

"పొద్దున్నుంచీ ఏం తిన్నారు?"

"ఏం లేదు," అంది టీచరమ్మ నీరసంగా. "నిన్న కూడా పెద్దగా ఏం లేదు. ఎంత కడుపు మాడ్చుకున్నా దూలం అందట్లేదు నురగక్కా. నా ఒంట్లోనే ఏదో తేడా ఉంది."

నురగక్క వెళ్లి రొట్టె ముక్కలు కోసుకొచ్చి దగ్గరుండి తినిపించింది. తర్వాత ఒక్కో మెట్టూ కొండలా ఎక్కుతూ బాల్కనీ చేరింది. డ్రైవరు అక్కడే ఉన్నాడు.

"మీకో మాట చెప్పాలి," అంది. "మీరందరూ ఎందుకు ఆగిపోతున్నారంటే..."

"టిన్ను సన్నబడింది కాబట్టి," అన్నాడాయన.

నురగక్క తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"మొదటి రోజే తెలిసిందండీ. రోజంతా స్టీరింగు పట్టుకునే చేతులివి. గుండ్రంగా ఉన్నదేదైనా కాస్త తగ్గితే చెప్పేస్తాయి."

"మరి అడగలేదేం?"

ఆయన రైలింగు మీద చేతుల్ని చూసుకున్నాడు. "అడిగితే మీరు పాత టిన్ను తెచ్చేస్తారు. నేను దూలం మీదకి పోతాను. అక్కడేముంది? పావురాలు."

ఆమెకి గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ట్యాంకులో గోల వినిపించలేదు. ఈ టిన్ను ఇలాగే ఉండిపోతే ఎంత బాగుణ్ణు అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలోనే కింద టీచరమ్మ రొట్టె ముక్క నమలలేక నమలడం కనిపించింది.

నురగక్క రైలింగు పట్టుకుని కిందికి వంగింది.

"ఇటు వినండి! మీరెవరూ లావెక్కలేదు! టిన్ను చిక్కిపోయింది!"

తమ్ముడి చేతిలో పెట్టె జారి దభీమని పడింది.

"బార్లీ రేటు పెరిగింది, ఖాళీ టిన్ను రేటు పెరిగింది. మళ్లీ రేటు పెంచితే మీరు రారని భయపడి, నడుం కోసేసి మీకు అంటగట్టాను. తప్పు నాది. వచ్చే ఆదివారం నుంచి పాత టిన్ను. నిండుగా. కానీ రేటు ఇప్పటి దాని మీద పావు వంతు ఎక్కువ. అంతకన్నా తగ్గిస్తే షెడ్డు నిలవదు. తాగాలనుకున్నవాళ్లే రండి."

షెడ్డంతా అట్టుడికిపోయింది. గాల్లో ఉన్నవాళ్లు గాల్లోనే చేతులు తిప్పుతూ తిట్టారు. "నా బూట్లు అటకెక్కించావు కదక్కా!" అని పెయింటరు తాత గగ్గోలు పెట్టాడు. "నెల్లాళ్ల నుంచి చక్కెర లేని టీ తాగుతున్నా!" అన్నాడు దర్జీ, ఏడుపొక్కటే తక్కువ. కోపంగా వెళ్లిపోదామన్నా కిందికి దిగేదాకా వీల్లేదు కాబట్టి, తిట్లన్నీ అయిపోయాక కూడా చాలాసేపు మౌనంగా వేలాడి, ఒక్కొక్కళ్లే దిగి వెళ్లిపోయారు. ఆ గొడవలో డ్రైవరు ఎప్పుడు దిగాడో, ఎప్పుడు వెళ్లాడో ఆమె చూసుకోలేదు.

ఆ వారం తమ్ముడు అక్కతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా పాత టిన్నులు తెప్పించాడు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం, "చెప్పేశావు, మంచిదే అయింది. నాకూ నిద్ర పట్టట్లేదు," అన్నాడు కంచంలోకి చూస్తూ.

ఆదివారం వచ్చింది. తలుపులు బార్లా తీసి, బల్లలు తుడిచి, ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. వీధిలో పిట్ట లేదు. తమ్ముడు గోళ్లు కొరుక్కున్నాడు. నురగక్క తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

మొదట టీచరమ్మ వచ్చింది. బుగ్గల్లో కాస్త రంగుంది. "కడుపు నిండా తిని వచ్చాను. చూద్దాం," అని టిన్ను తీసుకుంది. తాగింది. లేచింది. మధ్యలో ఆగుతానేమోనని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తల దూలానికి తగిలింది. "అందింది!" అని ఆవిడ వేసిన కేక వీధి చివరి దాకా వినిపించింది.

ఆ కేకతో మూలమూలల నుంచీ జనం ఊడిపడ్డారు. సందులో నిలబడి చూస్తున్నట్టున్నారు, ముందు వచ్చింది తామే కాకూడదని. రేటు చూసి పెయింటరు తాత సణిగాడు, సణుగుతూనే టిన్ను తీసుకున్నాడు, బూట్లతోనే లేచాడు. దర్జీ రెండు జేబుల నిండా స్వీట్లు పెట్టుకుని మరీ లేచి, దూలం మీద అందరికీ పంచిపెట్టాడు. షెడ్డు కప్పు కింద నవ్వులు, చప్పట్లు. తమ్ముడు పెట్టె వెనక పెట్టె తెస్తూ కింద గంతులేస్తున్నాడు.

నురగక్క బాల్కనీలో నిలబడింది. సంతోషమే. కానీ కళ్లు ట్యాంకుల పక్క బల్ల మీదికే పోతున్నాయి. అక్కడ డ్రైవరు కూర్చుని ఉన్నాడు, ముందు టిన్ను పెట్టుకుని. ఎప్పుడు వచ్చాడో. ఇక ఆ టిన్ను తాగుతాడు. బూట్లు కనిపిస్తాయి. పైకి పోతాడు. ఆమె గబుక్కున ట్యాంకు వైపు తిరిగి, బిగించిన మూతే మళ్లీ బిగించింది.

వెనక నుంచి, "ఏవండీ," అని వినిపించింది.

తిరిగింది. రైలింగుకి అవతల, గాల్లో, సరిగ్గా ఆమె కళ్లకి ఎదురుగా ఆయన. చేతిలో టిన్ను ఇంకా ఉంది.

"ఎంత తాగారు?" అంది.

"ఇక్కడిదాకా సరిపోయేంత."

"మిగతాది?"

"మీది."

"నేను పనిలో ఉన్నాను."

"నేను కూడా రోజూ ఉంటానండీ పనిలో. ఆదివారం కదా."

నురగక్క టిన్ను అందుకుంది. తన చేత్తో చేసిన బీరు. గొంతు దాటనివ్వని బీరు. ఒక్క గుక్కలో తాగేసింది. చల్లగా దిగింది, చిరు చేదుగా, చివర్లో తియ్యగా. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంటుండగానే బాల్కనీ ఇనుము కాళ్ల కింద నుంచి జారిపోయింది.

"అమ్మో!" అని చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆయన పట్టుకున్నాడు.

"అక్కా!" కింద నుంచి తమ్ముడు నోరు వెళ్లబెట్టి చూస్తున్నాడు. "నువ్వేంటి పైకి? కాగు కింద మంట ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడు!" అంది నురగక్క. ఆ మాట అనడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అనేసి తనే నవ్వింది. ఏప్రను గొడుగులా విచ్చుకుంది. ఆమె పైకి, ఆయన కింద, మధ్యలో పట్టుకున్న చెయ్యి తాడులా బిగుసుకుంది.

తమ్ముడు ఒక నిమిషం అలాగే తలెత్తి చూశాడు. తర్వాత చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, షెడ్డు అదిరిపోయేలా అరిచాడు.

"బావా! మా అక్కకి అలవాటు లేదు, గట్టిగా పట్టుకో!"

దూలాల మీద మాటలన్నీ టక్కున ఆగిపోయాయి. అందరూ కిందికి వంగి చూశారు. నురగక్క మొహం ఎక్కడ దాచుకోవాలో తెలీక కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

"పట్టుకున్నాలే, బావమరిదీ," అన్నాడు డ్రైవరు.