బతూల్ అక్క కొసరు

నైలు ఒడ్డున మా సిన్నార్‌లో మశూచిని కొనుక్కోవాలి. తనంతట తానొస్తే అది పిల్లల్ని ఎత్తుకుపోతుంది. బేరమాడి తెచ్చుకుంటే నాలుగు పొక్కులు పోసి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆ పిల్ల జోలికి రాదు. ఆ వారం మా వెనక వీధిలో ముగ్గురు పసివాళ్ళని పాతిపెట్టారు. బతూల్ అక్క కొడుక్కి మాత్రం తేలిగ్గా పోసిందని విని, కొత్త నూలుగుడ్డ పట్టుకుని, ఏడాది పిల్ల సిత్తనాని చంకనేసుకుని పరుగెత్తాను.

వాళ్ళ గుమ్మంలో పరదేశి హకీం ఒకాయన ఒళ్ళో కాగితాలేసుకుని కూర్చున్నాడు. రెండు రోజులుగా మా ఆడవాళ్ళ వెంటపడి ఏదో రాసుకుంటున్నాడు.

గుడ్డ తీసి అక్క కొడుకు చేతికి చుట్టాను. పిల్లకి ఎన్ని పొక్కులు పొయ్యాలో బేరం మొదలైంది.

"నలభై పొక్కులు," అంది బతూల్ అక్క.

"నలభయ్యా! నా పిల్ల ఒంటిమీద అంత చోటెక్కడిదక్కా? ఐదు."

"ఐదు దోమలు కుట్టినా వస్తాయే! ముప్పై."

"ఏడు."

"ముత్యాల్లాంటి పొక్కులే ఇవి! ఏడుకి ఎవరిస్తారు? ఇరవై."

సంతలో నాకో అలవాటుంది. బేరం తెగకపోతే విసురుగా వెళ్ళిపోతాను. పది అడుగులు వెయ్యకముందే వెనక్కి పిలుస్తారు. ఆ ఊపులోనే గుడ్డ విప్పేసి, "నీ ముత్యాలు నువ్వే ఉంచుకో!" అని నడిచాను.

పది అడుగులయ్యాయి. ఇరవై అయ్యాయి. పిలుపు లేదు.

వెనక వీధిలో మళ్ళీ ఎవరిదో ఏడుపు. నా కాళ్ళు ఆగిపోయాయి. సిగ్గు దిగమింగుకుని వెనక్కొచ్చాను.

అక్క జొన్నపిండి కలుపుతూ తలైనా ఎత్తలేదు. "ఏమ్మా, ఏమైనా మరిచిపోయావా?"

"ఇరవయ్యే ఇవ్వక్కా."

అప్పుడు చూసింది సిత్తనాని. "పన్నెండు. పిల్ల సన్నగా ఉందని తగ్గిస్తున్నా, నీ మొహం చూసి కాదు."

హకీం గొంతు సవరించుకున్నాడు. "ఈ విద్య కనిపెట్టిన పండితుడెవరమ్మా?"

"పండితుడా!" అక్క పడీపడీ నవ్వింది. "ఎవరో పిల్లలు పోయిన తల్లయ్యా. మిగిలినదాన్ని దక్కించుకోవాలని చూసుంటుంది."

"ఆమె పేరు?"

"తెలీదు. కాగితం ఖాళీగా ఉంటే నా పేరు రాసుకో."

ఆ గుడ్డే మళ్ళీ పిల్లాడి చేతికి చుట్టి, విప్పి, సిత్తనా చేతికి కట్టాం. కొన్నాళ్ళకి జ్వరమొచ్చింది. నేను తినలేదు, పడుకోలేదు. తర్వాత పొక్కులు తేలాయి. లెక్కపెట్టాను. సరిగ్గా పన్నెండు. హమ్మయ్య అనుకుంటూ తల నిమిరితే చెవి వెనక ఇంకోటి తగిలింది!

పిల్లనెత్తుకుని వీధంతా వినపడేలా అరుస్తూ వెళ్ళాను. "మోసం! పదమూడొచ్చాయి!"

బతూల్ అక్క పిల్ల నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. సిత్తనా ఆవిడ ముక్కుపుడక పట్టుకుని లాగుతోంది.

"కొసరే, పిచ్చిదానా," అంది అక్క. "అంతసేపు బేరమాడావు, ఒకటి కొసరెయ్యకుండా ఎలా పంపను?"