అమీర్ బాషా చొక్కా బొమ్మ

ఆళ్లగడ్డలో లూదియా ఇంటి ముందు దండెం మీద ఎప్పుడూ గుడ్డముక్కలు ఆరుతుంటాయి. కొన్ని తంగేడు పూల నీళ్లలో మునిగి పచ్చగా, కొన్ని దానిమ్మ తొక్కలతో ఉడికి మట్టిరంగుగా. అవి ఆరాక బొమ్మల ఒళ్లు కత్తిరిస్తుంది. లోపల దూది, పురుగు పట్టకుండా కాస్త ఎండు వేపాకు. జుట్టుకి గోగునార. కళ్లు మాత్రం అన్నిటికంటే ఆఖరున, కొబ్బరిచిప్ప కాల్చిన మసితో పెడుతుంది. కళ్లు పెట్టిన కాసేపటికి, ఆ గుడ్డ ఎవరు కట్టి విడిచినదో వాళ్లున్న దిక్కుకి బొమ్మ మెల్లగా మొహం తిప్పుకుంటుంది.

అది ఊళ్లో అందరికీ తెలిసిందే. పత్తిచేలకు పోయే ఆడవాళ్లు తమ పాతచీర బొమ్మను పిల్లల దగ్గర వదిలి పోతారు. గోడ వైపు చూస్తున్న బొమ్మ వాకిలి వైపు తిరిగిందంటే అమ్మ వీధిలోకి వచ్చినట్టే. నంద్యాలలో బొమ్మల అంగడి నడిపే ఉమామహేశ్వరమ్మకే దీంతో తలనొప్పి. లూదియా మొదట్లో తన సొంత చీరలతో కుట్టి పంపిన బొమ్మలన్నీ కొనడానికి వచ్చినవాళ్లకు వీపు చూపించి ఆళ్లగడ్డ వైపు తిరిగి కూర్చున్నాయి. "ఇట్లయితే ఎవరు కొంటారమ్మా?" అని ఆమె ఫోన్లో కేకలేసింది. అప్పటినుంచి అంగడి బొమ్మలకు ఎవరూ కట్టని కొత్త గుడ్డే.

చనిపోయినవాళ్ల గుడ్డతో కుట్టిన బొమ్మ ఎటూ తిరగదు. తల వాల్చేస్తుంది. భర్త సాల్మన్ రాజు చనిపోయాక ఆయన లుంగీతో లూదియా ఒకటి కుట్టింది. తెలిసీ కుట్టింది. కళ్లు పెట్టగానే అది గడ్డం రొమ్ముకి ఆనించేసింది. ఆమె దాన్ని చీరల మధ్య పెట్టుకుని మళ్లీ బయటికి తీయలేదు.

బొమ్మలకు దూది ఇచ్చేది అమీర్ బాషా. మూడుచక్రాల బండి మీద దూది ఏకే మిషను పెట్టుకుని వీధివీధీ తిరిగి పరుపులూ దిండ్లూ ఏకుతాడు. ఈమధ్య ఆయనకు మరుపు వచ్చింది. ఏకి ఇచ్చిన దిండే మళ్లీ ఏకుతానని అదే ఇంటికి పోయేవాడు. అట్లాంటి మనిషి మిషను బెల్టు తెస్తానని, ఫోను ఇంట్లోనే మరిచి, నంద్యాల బస్సెక్కి మళ్లీ రాలేదు. భార్య అమీనా, ఆటో నడిపే లూదియా తమ్ముడు యోబు కలిసి పోయి బస్టాండూ స్టేషనూ ఆస్పత్రులూ మసీదులూ అన్నీ వెతికారు. పోలీసులకు చెప్పారు. ఎక్కడా ఆచూకీ లేదు.

ఆ తర్వాత అమీనా రోజూ లూదియా ఇంటికొచ్చేది. చేతిలో కవరు, కవర్లో బాషా నీలంగీతల చొక్కా. కాసేపు కూర్చుని, కవరు తీసుకుని వెళ్లిపోయేది. లూదియా అడిగేది కాదు. ఒకరోజు వాన కురుస్తుంటే అమీనా తడిసి వచ్చి, కవరు లూదియా కుట్టుమిషను మీద పెట్టేసింది.

"కుట్టకుంటే బతికుండాడు అనుకుంటా వుండొచ్చు గదక్కా. అందుకే ఇన్నాళ్లూ ఇయ్యలే."

"మరిప్పుడేందే?"

"రోజూ ఆయనకు అన్నం తీసిపెడ్తాండా. పొద్దున అది అట్లే కుక్కలకు పెడ్తాండా. ఇంగ నా వల్ల కాదు. ఏదైతే అదయితాది, కుట్టు."

"నాకూ భయమైతాంది మే అమీనా. కళ్లు పెట్టాల్సింది ఈ చేతుల్తోనే గదా."

అయినా కత్తెర తీసుకుంది. బాషా ఏకి ఇచ్చిన దూది మూటలో అడుగున కొంచెమే మిగిలింది. అదే కూరింది. ఎడమకన్ను పెట్టింది. కుడికన్ను పెట్టి బొమ్మను బల్ల మీద నిలబెట్టింది.

బొమ్మ తల ముందుకు వాలిపోయింది.

అమీనా కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. లూదియాకు సాల్మన్ రాజు లుంగీ బొమ్మ గుర్తొచ్చింది. బొమ్మను తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎందుకో మెడ పట్టుకుని చూస్తే వేళ్లకు ఉత్త గుడ్డే తగిలింది.

"అమీనా! ఉండు ఉండు! మెడలో దూదే లేదు. భయంలో సరిగ్గా కూరలే నేను."

మెడ దగ్గర కుట్టు విప్పింది. మూట అడుగున దులిపి దులిపి గుప్పెడు దూది తీసి, వేలితో నెట్టి నెట్టి కూరింది. మళ్లీ కుట్టి బల్ల మీద పెట్టింది. బొమ్మ తలెత్తి నిలబడింది. కాసేపు అట్లే ఉండి, కిటికీ దాటి ఉత్తరానికి, నంద్యాల తట్టుకి మొహం తిప్పింది.

"ఉండాడు మే! ఉండాడు!" అంది లూదియా. అమీనా కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా అప్పుడే బయటికొచ్చింది.

వాన నిలవకముందే యోబు ఇద్దరినీ ఎక్కించుకుని ఆటో తీశాడు. బొమ్మను ముందర అద్దం దగ్గర నిలబెట్టారు. నంద్యాల వచ్చినా అది పక్కకు తిరగలేదు. ఊరు దాటినా ముందుకే చూస్తోంది.

"మనం ఊరంతా ఎతికినాం గానీ అవతలికి పోలేదక్కా," అన్నాడు యోబు.

బండి ఆత్మకూరు అనే ఊరి దగ్గర బొమ్మ గబుక్కున కుడికి తిరిగింది. యోబు ఆటో సందులోకి పోనిచ్చాడు. ఒక ఇంటి అరుగు మీద, చుట్టూ విప్పిన దిండ్లు వేసుకుని, వేళ్లతో దూది విడదీస్తూ అమీర్ బాషా కూర్చునున్నాడు. గడ్డం పెరిగింది. తలంతా దూదిపింజలు.

ఆ ఇంటామె రామసుబ్బమ్మ బయటికొచ్చింది. "మీ మనిషేనామ్మా? బస్సు దిగి ఎటు పోవాల్నో తెలీక నిలబడింటే పిల్చి అన్నం పెట్టినా. ఊరి పేరడిగితే ఏడుస్తాడు. దిండు చేతికిస్తే ఊరుకుంటాడు. మా వీధి దిండ్లన్నీ ఈయన చేతిలోవే ఇప్పుడు."

బాషా తలెత్తి అమీనాను చూశాడు. చానాసేపు చూశాడు.

"ఏందే, యాడికి పోయినావ్ ఇంతసేపు? నేను ఎతుకుతాండా," అని కసిరాడు.

"ఈడికే వస్తాంటినయ్యా. దావ తెలీలేదు," అంది అమీనా, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ.

ఇంటికి తెచ్చాక డాక్టరు మాత్రలిచ్చాడు. మరుపు పూర్తిగా పోదన్నాడు. భయంతో అమీనా ఆయన్ని గడప దాటనివ్వలేదు. బాషా గోనెపట్టా కప్పిన బండిని చూస్తూ వాకిట్లో కూర్చునేవాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. చూసి చూసి లూదియా ఒకరోజు అమీనా రోజూ కట్టే పాతచీర అడిగి తీసుకుంది. అరచేతిలో పట్టేంత బొమ్మ కుట్టి, తల బయటికి కనపడేటట్టు బాషా చొక్కా జేబులో పెట్టింది.

"దావ తెలీకపోతే ఇది చూసే తట్టు పో బాషన్నా."

మర్నాడే గోనెపట్టా తీశారు. బాషా మళ్లీ వీధులు తిరిగాడు. పొద్దు వాలేసరికి జేబులోకి చూసుకుంటూ ఇల్లు చేరాడు. ఆ రోజూ చేరాడు, ఆ తర్వాత రోజూ చేరాడు. మొదట్లో సందు మొగదాకా వచ్చి నిలబడే అమీనా కొన్నాళ్లకు ఇంట్లోనే పొయ్యి దగ్గర పని చూసుకుంటూ ఉండిపోయేది.

ఎండాకాలంలో లూదియాకు సూదిలో దారం ఎక్కించడం కష్టమై, నంద్యాల కంటి ఆస్పత్రికి బయల్దేరింది. తోడుగా అమీనా వచ్చింది. బాషా వీధుల్లో ఉన్నాడు, సాయంత్రంలోపు వచ్చేస్తాం గదా అనుకున్నారు. ఆస్పత్రిలో జనం బాగా ఉన్నారు. మధ్యాహ్నం దాటినా పిలుపు రాలేదు. లూదియా కళ్లలో మందు పడి అంతా మసకగా ఉంది. తలుపు దగ్గర ఎవరో జేబులోకి చూసుకుంటూ లోపలికి రావడం మాత్రం కనపడింది. దగ్గరికొచ్చాక నెత్తి మీది దూదిని బట్టి ఆనవాలు పట్టింది.

అమీనా లేచి నిలబడింది. "ఏందయ్యా నువ్వీడ? బండేదీ? బస్సెట్ల ఎక్కినావ్?"

"బండి యోబు ఇంటికాడ పెట్టినా," అన్నాడు బాషా. నడిచొచ్చి ఆమె పక్కన చోటు చూసుకుని కూర్చుని, చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు. "ఆకలైతాంటే ఇంటికొచ్చినా."

అమీనా క్యారియరు విప్పి మూతలో అన్నం పెట్టింది.