చదివి చెప్పవలసిన పేరా

బాయిలరు వేడికి గోడలే చెమటలు కక్కుతున్న ఆ లాండ్రీలో తడి దుప్పట్లు బండిలోకి ఎత్తుతూ, డిక్షనరీ తనలో తాను ఇంగ్లీషు మాటలు వల్లె వేసుకుంటోంది. పొద్దుటి నుంచి ఆరువందల దుప్పట్లు దాటాయి. ఆ పిల్లకు డిక్షనరీ అని పేరు పెట్టింది తోటి పనివాళ్ళే. రేపు పది గంటలకు కాలేజీ ప్రవేశ పరీక్ష. లెక్కలంటే బెంగ లేదు, బెంగంతా ఇంగ్లీషంటేనే. పోయినేడు మూడు మార్కుల తేడాతో సీటు పోయింది ఆ ఇంగ్లీషు మూలంగానే.

"ఏమే డిక్షనరీ, దుప్పటిని ఇంగ్లీషులో ఏమంటారే?" అంది పిండే యంత్రం దగ్గరున్నావిడ.

"బెడ్‌షీటే అత్తా."

"ఓస్, మేమనేదీ అదేగా! అయితే నాక్కూడా సీటొచ్చినట్టే."

అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది గాని బెంగ వదల్లేదు. రేపటి సెలవు చీటీ మీద సూపర్వైజరు ఇంకా సంతకం పెట్టలేదు. చీటీ లేకుండా గేటు దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. తనూ, తనను పెంచిన పెద్దమ్మా తలదాచుకునే రేకుల గది కూడా గేటు లోపలిదే.

ఆ పెద్దమ్మ కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. పదిరోజుల కిందట ఆవిరి ఇస్త్రీ యంత్రం పైపలక జారి చేతిమీద పడింది. పలకను ఆపే కొక్కెం విరిగి రెండు నెలలు. చెప్పినప్పుడల్లా "రేపు చూద్దాం" అన్నారు. కొక్కేనికి ఎన్నడూ రాని ఆ రేపు, కాగితాలకు మాత్రం చప్పున వచ్చేసింది.

మధ్యాహ్నం సూపర్వైజరు ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ఎన్నడూ లేనిది పెద్దమ్మకు కుర్చీ వేశాడు. ఆ మర్యాద చూసేసరికి పిల్ల గుండె గుభేలుమంది.

"నువ్వెలాగూ ఇంగ్లీషు చదువుతున్నావుగా అమ్మాయ్. ఇది పెద్దమ్మకు చదివి చెప్పు. వైద్యం ఖర్చుల కాగితం. వేలిముద్ర పడిందంటే నీ చీటీ కూడా అయిపోతుంది."

ఎనిమిది వరుసల పేరా. మొదట అక్షరాలు ఈగల్లా ముసిరాయి. భయమేస్తే ఒక్కో వాక్యం పట్టుకుని ఎవరు, ఏం చేశారు అని అడగమని ట్యూషన్ మాస్టారు చెప్పాడు. అడిగింది. ఎవరు? నేను, అంటే పెద్దమ్మ. ఏం చేశాను? నా అజాగ్రత్త వల్లే చెయ్యి కాల్చుకున్నాను. యంత్రంలో లోపమేదీ లేదు. ఇకమీదట ఏమీ కోరను. నా ఇష్టంతోనే పని మానుకుంటున్నాను.

వైద్యం మాట ఎక్కడా లేదు. మళ్ళీ వెతికింది. లేదు. ఒక ఇంగ్లీషు పేరా ఇంత బాగా అర్థం కావడం ఆమెకు అదే మొదటిసారి. అర్థం కాకపోతే బాగుండునని కోరుకోవడమూ అదే మొదటిసారి.

"ఏముందే? వేసెయ్యనా?" అంది పెద్దమ్మ. "నీ పరీక్ష పాడవకుండా ఉంటే నాకంతే చాలు తల్లీ."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మాయ్," అంటూ సూపర్వైజరు ఇంకు డబ్బా మూత తీశాడు. పెద్దమ్మ ఎడమ బొటనవేలు అందులో అద్దింది.

నిజం చెబితే పరీక్ష పోతుంది, గూడూ పోతుంది. చెప్పకపోతే పెద్దమ్మ తన వేలితో తన గొయ్యే తవ్వుకుంటుంది.

"వద్దు పెద్దమ్మా! తప్పంతా నీదేనని ఉంది. పని కూడా నువ్వే మానేస్తున్నావట."

సూపర్వైజరు మొహాన నవ్వు చెదరలేదు. "పోయినేడు ఇంగ్లీషులో తప్పిన పిల్లవి. నీకేం తెలుసు? సరిగ్గా చూసి చెప్పు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నిజంగానే తనకు రాదేమో! వేలు పెట్టి ఒక్కో వరుసా మళ్ళీ చూసింది. అవే మాటలు.

"అదే ఉందండీ," అంది.

పెద్దమ్మ పిల్ల మొహంలోకి చూసింది. లేచి, ఇంకు వేలిని కొంగుకు తుడుచుకుని, గది తలుపు బార్లా తీసింది.

"ఒక్కసారి ఇలా రండమ్మా అందరూ! మా పిల్లకు చదవడం రాదట, మీరే విందురుగాని." తర్వాత పిల్లతో మెల్లగా అంది, "చదవవే. ఒక్కో ముక్కా విప్పి చెప్పు."

తడి చేతులతో ఆడవాళ్ళు గుమ్మంలో చేరారు. పిల్ల మొదటి వాక్యం చదివి, తెలుగులో చెప్పింది. సూపర్వైజరు బల్లమీది సెలవు చీటీని సంతకం పెట్టకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పిల్ల చూసింది.

రెండో వాక్యం మొదలుపెట్టింది.