అరవై రెండు ఫారాలు

గడువు సాయంత్రం ఐదింటికి. రెండున్నర అయింది. నాచారంలోని ఆ గల్లీలో షైనీ చేతిలో ఇంకా అరవై రెండు ఫారాలు సంతకాల్లేకుండానే ఉన్నాయి.

షైనీ అంగన్‌వాడీ టీచర్. ఓటర్ల జాబితా సవరణకు ఆమెకు డ్యూటీ వేశారు. సంతకం చేసిన ఫారం ఐదులోపు అప్‌లోడ్ కాకపోతే ఆ పేరు కొత్త జాబితాలో ఉండదు. నిన్న చాయ్ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లు ఇవాళ తలుపు తీయడం లేదు.

మల్లవ్వ ఒక్కతే తీసింది. డెబ్బై ఏళ్లు, ఒంటరి మనిషి.

"సంతకం బెడితే రేషన్ కార్డు పోతదంట గదా బిడ్డా."

"ఎవరన్నరవ్వా?"

మల్లవ్వ ఫోన్ నొక్కింది. పొద్దున గల్లీ గ్రూపులో వచ్చిన వాయిస్ మెసేజ్, ఉప్పలయ్య గొంతు. "ఫారాల మీద సంతకాలు పెట్టకుండ్రి. పెట్టినోళ్ల కార్డులు తీసేస్తున్నరు."

ఫ్యాక్టరీ యూనియన్‌ను ఇరవై ఏళ్లు నడిపిన మనిషి. గల్లీకి నల్లా తెప్పించింది ఆయనే. ఇక్కడ ఆయన మాటకు తిరుగులేదు.

షైనీ స్కూటీ ఉప్పల్ వైపు తిప్పింది. మోకాలి ఆపరేషన్ అయి ఉప్పలయ్య అక్కడ కూతురింట్లో మంచం మీదున్నాడు.

"నీకెవరు జెప్పిన్రు మామా?"

"మా అల్లుడు పంపిండు."

అల్లుడికి ఫోన్ చేసింది. బోడుప్పల్ ప్లాట్ల గ్రూపులో వచ్చిందన్నాడు. గ్రూపులో పెట్టినవాడి నంబరు స్విచ్ ఆఫ్.

షైనీ జాబితా సవరణ ఉత్తర్వు కాగితం ఉప్పలయ్య చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. రేషన్ అన్న మాటే లేదు.

"మంచి జేస్తున్న అనుకున్న బిడ్డా," అని వెంటనే ఫోన్ అందుకున్నాడు. "నేను ఉప్పలయ్యను. పొద్దున జెప్పింది తప్పు. సంతకాలు పెట్టుండ్రి."

మెసేజ్ గల్లీ గ్రూపులో పడింది. నాలుగూ పది.

షైనీ తిరిగొచ్చేసరికి మల్లవ్వ గడప ముందు పదిమంది చేరారు. ఆటో నడిపే సురేష్ నవ్వాడు.

"గొంతు మంచిగ జేయించినవ్ మేడం."

"ఏం గొంతు?"

"కంప్యూటర్ గొంతు. పోయిన నెల మీటింగ్ పెట్టి నువ్వే సూపెట్టినవ్ గదా. ఎవరి గొంతైనా తయారుజేస్తరు, ఇన్నదల్లా నమ్మొద్దని."

"మరి పొద్దుటి మెసేజ్ మీద డౌట్ రాలేదా?"

"అది మన మంచికి జెప్పిండు. అబద్ధమెందుకైతది?"

షైనీ వీడియో కాల్ చేసింది. తెర మీద ఉప్పలయ్య మొహం చూసి మల్లవ్వ ముందుకొచ్చింది.

"అన్నా, నీ పక్కన ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు మల్లవ్వా. నా మాటిను, సంతకం బెట్టు."

మల్లవ్వ వెనక్కి తిరిగింది. "మొఖం సూసిన్రా, ఎట్ల పీక్కపోయిందో? అన్నను బెదిరిస్తున్నరు."

ఉప్పలయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. వినేందుకు గడప ముందు ఎవరూ ఆగలేదు.

ఐదుకు ఐదు నిమిషాలు.

"అవ్వా, నువ్వొక్కదానివన్న పెట్టు."

"నాకు బియ్యం గావాలె బిడ్డా," అంది మల్లవ్వ.

ఐదింటికి యాప్ మూతపడింది. షైనీ గడప మీద కూర్చుని ప్రతి ఫారం మీదా 'నిరాకరించారు' అని రాయసాగింది. మొదటి పేరు మల్లవ్వదే. మల్లవ్వ నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. ఇంటి నంబర్లు ఒక్కొక్కటే గుర్తుచేసి చెప్పింది.

"ఆగాగు, సురేష్‌గాని పై పోర్షన్ ఇడిసిపెట్టినవ్."

షైనీ అదీ రాసింది.